‘మా భూమి’ : నవలలోని బాల్యము చిత్రమున ఎచటికి పోయినది?

నవల చలనచిత్రముగ మారినపుడు మన విమర్శకులు సాధారణముగ రెండు పట్టికలు సిద్ధపరతురు. నవలలో ఉండి చిత్రమున లేనివి మొదటి పట్టికలోను, నవలలో లేక చిత్రమున చేరినవి రెండవ పట్టికలోను వ్రాయబడును. మొదటి పట్టిక పెద్దదైనచో చిత్రము మూలమునకు అన్యాయము చేసినదని తీర్పు వెలువడును. ఈ పద్ధతి సులభమైనది. కాని దీనివలన తెలియవచ్చునది స్వల్పము. విడువబడినది నిజముగ నశించినదా, లేక రూపము మార్చుకొని చిత్రముననే వేరొక చోట నిలిచియున్నదా యను ప్రశ్నకు ఈ పట్టికలలో స్థానము లేదు. ఆ ప్రశ్ననే ‘మా భూమి’ చిత్రము విషయమున ఇచట విచారింపదలచితిమి.

1979లో పూర్తియై 1980లో ప్రజల ముందునకు వచ్చిన ఈ చిత్రమునకు ఆధారము కృష్ణచందర్ ఉర్దూలో రచించిన ‘జబ్ ఖేత్ జాగే’ అను నవల. చిత్రము పేరు 1947 నాటి సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్ల నాటకమును స్మరింపజేయును. కథ మాత్రము నవలదే. ఆ నవల తెలంగాణపు పల్లెలో వెట్టివాని ఇంట పుట్టిన ఒక యువకుని ఎదుగుదల కథ. చిత్రము ఆ కథనే గ్రహించినను, నవలకు ప్రాణప్రదములైన రెండింటిని పక్కకు నెట్టినది. ఒకటి నాయకుని బాల్యము. రెండవది ఉరికి ముందటి రాత్రి. ఈ రెండింటిని తీసివేసిన పిమ్మట ‘ఎదుగుదల కథ’ యని చెప్పదగినది ఏమైన మిగులునా? మిగులుననియు, ఒక అంశమున చిత్రమే ఆ లక్షణమునకు ఎక్కువ న్యాయము చేసినదనియు మా అభిప్రాయము. దానికై చిత్రము చెల్లించిన మూల్యమును కూడ మరుగుపరుపక చెప్పుదుము.

మొదట నవలాకారుని గూర్చి కొంత తెలిసికొనుట అవసరము. కృష్ణచందర్ (1914–1977) తెలంగాణమువాడు కాడు. ఆతని బాల్యము కాశ్మీర ప్రాంతమునందలి పూంచ్‌లో గడచినది. బెంగాలు కరవును గూర్చి ‘అన్నదాత’ వ్రాసిన రచయిత ఇతడే. 1945లో హైదరాబాదున జరిగిన అభ్యుదయ రచయితల మహాసభకు వచ్చి, ఆ ప్రయాణమును ‘పౌదే’ అను రచనలో వర్ణించెను. ఇట్లు బయటినుండి వచ్చిన రచయిత తెలంగాణపు పల్లెను చూపుటకు పల్లెలో పుట్టిన బాలుని కన్నులను ఆశ్రయించెను. దీనికి సరిగ విలోమమైన ఉదాహరణము మన ప్రాంతముననే కలదు. నేటి మహబూబాబాదు జిల్లా చిన్నగూడూరున 1928లో జన్మించిన దాశరథి రంగాచార్యులు గారు ‘చిల్లర దేవుళ్లు’ నవలలో, తాము ఎరిగిన పల్లెను చూపుటకు, బతుకుతెరువు వెదకికొనుచు ఆ పల్లెకు వచ్చిన సంగీతజ్ఞుని కన్నులను ఎన్నుకొనిరి. లోపలివారికి బయటి చూపు, బయటివారికి లోపలి చూపు కావలసివచ్చినది. ఇది యాదృచ్ఛికము కాదు. తాను ఎరిగినదానిని ఆశ్చర్యముతో చూడవలెనన్న కొత్తవాడు కావలెను. తాను ఎరుగనిదానిని ఆత్మీయముగ చూడవలెనన్న ఆ ఊరి బిడ్డ కావలెను. బాల్యమును చేపట్టుట కృష్ణచందరునకు కేవలము కథాసౌకర్యము కాదు. ఆ ఊరిలో ప్రవేశించుటకు ఆతనికి దొరకిన ద్వారము అదియే.

నవలలో కథాకథన పద్ధతి ఇట్లున్నది. ఇరువదిరెండేండ్ల రాఘవరావు కారాగారమున ఉన్నాడు. తెల్లవారిన ఉరి. ఆ ఒక్క రాత్రి ఆతడు తన బతుకును మొదటినుండి స్మరించును. తండ్రి వీరయ్య చేసిన వెట్టి, లంబాడీ యువతి చంద్రితో కలిగిన మొదటి ప్రేమ, ఆ ప్రేమకు దొరల వలన కలిగిన భంగము, ఊరు విడుచుట, హైదరాబాదున రిక్షా లాగుట, మక్బూల్ అను కార్మికుని స్నేహము, తిరిగి ఊరు చేరుట, భూమి పంపకము, నిర్బంధము — ఇవి యన్నియు ఆ స్మరణలో వరుసగ వచ్చును. పాశ్చాత్య సాహిత్యమున గోథే ‘విల్‌హెల్మ్ మైస్టర్’ (1795–96) మొదలుగ ఒక యువకుని వికాసమును చెప్పు నవలాశాఖ యొకటి ప్రసిద్ధము. అందు సాధారణముగ నాయకుడు తప్పులు చేసి, దెబ్బలు తిని, తుదకు సంఘమున తనకొక చోటు సంపాదించుకొనును. కృష్ణచందర్ ఆ శాఖను తలక్రిందు చేసెను. రాఘవరావునకు సంఘమున చోటు దొరకుటకు మారుగ సంఘమే ఆతనికి ఉరిత్రాడు సిద్ధపరచును. ఆతని వికాసమునకు నిదర్శనము ఆతడు చావును నిబ్బరముగ ఎదుర్కొనుటయే.

ఈ ఉరికొయ్య కేవల కల్పన కాదని విద్యార్థులు గుర్తింపవలెను. తెలంగాణ పోరాటమున పాల్గొన్న పండ్రెండుగురకు మరణశిక్షలు విధింపబడినవి. వారి పక్షమున వాదించుటకు ఆంగ్ల న్యాయవాది డి.ఎన్. ప్రిట్ భారతదేశమునకు వచ్చెను. పెద్ద ఆందోళనము జరిగిన మీదట ఆ శిక్షలు యావజ్జీవ శిక్షలుగ తగ్గింపబడినవి. జనగామ ప్రాంతపు నాయకులు నల్లా నరసింహులు గారును మరణశిక్షకు గురియై, శిక్ష తగ్గింపబడి, జీవించి తమ అనుభవములను గ్రంథస్థము చేసిరి. అనగా ఉరికొయ్య ఎక్కవలసినవారు పెక్కురు బతికి బయటపడిరి. మరణములు సంభవించినది ముఖ్యముగ పొలములలోను, అడవులలోను, నిర్బంధ శిబిరములలోను. పుచ్చలపల్లి సుందరయ్య గారు తమ గ్రంథమున సుమారు 4,000 మంది హతులైరని లెక్క చెప్పిరి. ఈ వాస్తవమును దృష్టియందుంచుకొనిన, 1979 నాటి చిత్రకారులు ఉరికొయ్య కథనమును విడిచి కథను పొలములోనే నడపుట మూలద్రోహముగ కాక, చరిత్ర కిచ్చిన గౌరవముగ కనిపించును. వారి ఉద్దేశము అదియే యని మేము చెప్పజాలము. ఫలితము మాత్రము అట్లున్నది.

ఇక చిత్రము. దర్శకుడు వంగదేశీయుడైన గౌతమ్ ఘోష్. ఆతని తొలి కథాచిత్రము ఇదియే. నిర్మాతలు బి. నరసింగరావు, జి. రవీంద్రనాథ్ గార్లు. చిత్రీకరణము మెదకు ప్రాంతపు మంగళపర్తి గ్రామమున జరిగినది. నలుపు తెలుపులలో తీయబడిన చిత్రమిది. నవలలోని రాఘవరావు చిత్రమున రామయ్య అయినాడు. ఆ పాత్రను ధరించిన సాయిచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’ కర్త త్రిపురనేని గోపీచంద్ గారి కుమారుడు. తండ్రి నవలలో ఒక మనిషి తన లోపలికి ముడుచుకొనిపోవుచు కూలిపోయినాడు. కుమారుడు నటించిన చిత్రమున ఒక మనిషి బయటి లోకమునకు తెరచుకొనుచు నిలబడినాడు. సాహిత్య విద్యార్థులకు ఈ సాదృశ్య వైదృశ్యములు ఆసక్తికరములు.

పేరు మార్పు చిన్నదిగ తోచును, కాని ఆలోచింపదగినది. ‘రాఘవరావు’ అను పేరు వెట్టివాని కుమారునకు ఆ కాలపు తెలంగాణపు పల్లెలో సహజముగ అమరదు. దొరయింటివాని పేరుకు ఉండు గౌరవ ప్రత్యయము వెట్టివాని పేరుకు ఉండదు. పిలుపులో ఆ పేరు మరింత కుదించుకొనిపోవును. ‘రామయ్య’ యనగానే మనిషి ఊరిలో నిలిచినాడు. అట్లే నవలలో ప్రతాపరెడ్డి అను భూస్వామి కలడు. ఆ పేరు వినినంతనే సూర్యాపేట ప్రాంతపు జన్నారెడ్డి ప్రతాపరెడ్డి తెలంగాణమువారి స్మృతికి వచ్చును. ఆతనికి లక్షా యేబదివేల ఎకరముల భూమి ఉండెనని సుందరయ్య గారు వ్రాసిరి. విస్నూరు దేశముఖు రామచంద్రారెడ్డికి 40,000 ఎకరములని ఆ లెక్కయే చెప్పుచున్నది. ఆ విస్నూరు దేశముఖు గూండాల కాల్పులకు 1946 జూలై 4వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య బలియైనాడు. ఆ దేశముఖుతోనే పాలకుర్తి చాకలి ఐలమ్మ తన చేని కొరకు తలపడినది. నాడు ఈ ఊళ్లన్నియు నల్లగొండ జిల్లా జనగామ తాలూకాలోనివి. చిత్రమున ఉన్నది సిరిపురమను కల్పిత గ్రామమే యైనను, జనగామవాడు ఆ గడీని చూచి తన ఊరి గడీని గుర్తించును.

ఇపుడు ముఖ్య ప్రశ్నకు వత్తము. నవలలోని బాల్యము చిత్రమున ఎచటికి పోయినది? చిత్రమున రామయ్య మనకు ప్రధానముగ యువకుడుగనే పరిచితుడగును. తండ్రి చేయి పట్టుకొని లోకమును చూచు బాలునకు నవలలో ఉన్న స్థానము చిత్రకథలో లేదు. కాని చిత్రమును శ్రద్ధగ వినినచో బాల్యము పాటలో దొరకును. సుద్దాల హనుమంతు గారి ‘పల్లెటూరి పిల్లగాడా’ అను పాటను ఈ చిత్రము చేర్చుకొన్నది. అది చిత్రము కొరకు వ్రాసినది కాదు. పోరాట కాలమున పుట్టి జనుల నోట నానినది. పశువులు కాచు జీతగాని, అనగా చదువునకు, ఆటకు, తల్లి ఒడికి దూరమైన పసివాని, ఒకరు ప్రశ్న వెంట ప్రశ్నగ పలకరించు పాట యది. ఆ ప్రశ్నలకు బాలుడు బదులు చెప్పడు. వానికి పేరు లేదు. నవలలో బాల్యము ఒకని సొత్తు. రాఘవరావు స్మరించునది తన బాల్యమును మాత్రమే. పాటలో బాల్యము ఎవని పేరునను లేదు కనుక ఊరి జీతగాండ్రందరి పేరునను ఉన్నది. చిత్రము ఒకని జ్ఞాపకమును తీసివేసి దాని చోట పదుగురి జ్ఞాపకమును ఉంచినది.

ఈ మార్పున మరియొక విశేషము కలదు. జ్ఞాపకము చేసికొనువాడు బాల్యమును దాటిపోయినవాడు. అందుచే నవలలోని బాల్యము ముగిసిన కాలము. పాట మాత్రము బాలుని ఎదుట నిలిచి పలకరించును. పాట పాడినంత సేపు ఆ బాల్యము జరుగుచునే యుండును. చిత్రము ముగిసిన పిమ్మట కూడ ఆ బాలుడు పశువుల వెంట నడచుచున్నట్లే మనకు తోచును. ఇదే విధముగ బండి యాదగిరి రచించిన ‘బండెనక బండి కట్టి’ యను పాటను గద్దర్ ఈ చిత్రమున పాడెను. మొదటి పాట బాలుని ప్రశ్నించును. రెండవది ప్రభువును ప్రశ్నించును. పసివానిని జాలితో పలకరించిన గొంతు దొరను ధిక్కారముతో పలకరించునంతటిదైనది. ఈ రెండు పాటల నడుమ ఉన్న దూరమే ఈ చిత్రమున ఎదుగుదల. అది రామయ్య ఒక్కని ఎదుగుదల కాదు. పల్లె గొంతు ఎదుగుదల.

భాష విషయము దీనికి అనుబంధమైనది. ఉర్దూ నవలలో వీరయ్య పలుకు, మక్బూల్ పలుకు, కథకుని పలుకు ఒకే భాషలో ఉండును. తెలుగు అనువాదములోను మూలములో లేని పలుకుబడి భేదములను పునఃసృష్టించుట దుష్కరము. చిత్రమునకు ఈ చిక్కు లేదు, ఈ వెసులుబాటును లేదు. పాత్ర నోరు విప్పినంతనే ఎవరి తెలుగు, ఏ ఊరి తెలుగు అను ప్రశ్న పుట్టును. ‘మా భూమి’ తెలంగాణపు పలుకుబడిని వేళాకోళమునకు కాక కథ మొత్తమునకు వాహికగ స్వీకరించినది. అంతకుముందు మన చిత్రములలో ఆ పలుకుబడికి లభించిన స్థానము ఎట్టిదో తెలిసినవారికి దీని విలువ వేరుగ చెప్పనక్కరలేదు. ‘బాంచెను’ అను ఒక్క మాటలో వంగిన నడుము, దించిన తల, జోడించిన చేతులు కలిసియుండును. ఆ మాట మానివేయుటయే ఆ మనిషి ఎదుగుట. అనువాదమున ఈ మాట వివరణగ మారును. చిత్రమున వినికిడిగ నిలుచును.

తరువాత చంద్రి ఘట్టము. రెండింటను ఈమె లంబాడీ యువతి. రెండింటను దొరల కామమునకు లోబడవలసివచ్చినది. రెండింటను నాయకుడు ఊరు విడుచుటకు ఇదియే హేతువు. కాని కథనభేదము వలన దీని అర్థము మారినది. నవలలో ఈ సంగతిని చెప్పువాడు అన్నియు తెలిసిన వెనుక, చావు ముంగిట నిలిచి చెప్పుచున్నాడు. కనుక ఆ గాయము చెప్పబడు క్షణముననే అర్థవంతమగును. చంద్రి దోషురాలు కాదనియు, ఆమెను లోబరచినది ఆకలియు అధికారమనియు స్మరించువానికి ముందే తెలియును. చిత్రమున స్మరించువాడు లేడు. రామయ్య కోపించును, అర్థము చేసికొనడు, వెడలిపోవును. ప్రేక్షకుడు ఆతని అజ్ఞానమును అజ్ఞానముగనే చూచును. నగరమున పని, స్నేహము, నలుగురి నడుమ కూర్చుండుట అలవడిన పిమ్మట గాని తన సొంత గాయము ఊరి గాయములో ఒక భాగమని ఆతనికి తెలియదు. ఎదుగుదల యనగా ఇదియే గదా: తెలియనిది ఆలస్యముగ తెలియుట. నవలలోని స్మరణరీతి ఈ ఆలస్యమును చెరిపివేసినది. చిత్రము దానిని కాపాడినది. మొదట చెప్పిన ‘ఒక అంశము’ ఇదియే. ఉరికి ముందటి రాత్రిని విడుచుట వలన చిత్రము ఎదుగుదల కథకు మరింత దగ్గరైనది.

దీనికి చెల్లించిన మూల్యము ఏమి? నాయకుని అంతరంగము. రాఘవరావు మనస్సున ఏమి జరుగుచున్నదో పాఠకునకు తెలిసినట్లు రామయ్య మనస్సు ప్రేక్షకునకు తెలియదు. కొన్ని ఘట్టములలో రామయ్య మనిషిగ కంటె ఉదాహరణముగ కనిపించును. నగర ఘట్టములలో ఈ లోపము స్పష్టము. చదువురాని యువకుడు ఒక కొత్త ఆలోచనను తనదిగ చేసికొనుటకు ఎంత తడబాటు, ఎంత ఒంటరితనము కావలెనో చూపుటకు చిత్రమునకు తీరిక చాలలేదు. ఇది మాధ్యమ దోషమని తప్పించుకొనుటకు వీలులేదు. వంగభూమిలోనే విభూతిభూషణుని ‘పథేర్ పాంచాలి’ (1929)ని సత్యజిత్ రాయ్ 1955లో చిత్రముగ తీసినపుడు, అపు అను బాలుని లోపలి లోకమును మాటల సహాయము అంతగ లేకయే చూపగలిగెను. కాని రాయ్ చిత్రము నవలలో కొంత భాగమును మాత్రమే గ్రహించి, కుటుంబము ఊరు విడుచుటతో ముగిసినది. అపు కథపై చరిత్ర భారము లేదు. ఘోష్ చిత్రము ఒక యువకుని యౌవనముతో పాటు నిజాము పాలన, రజాకార్ల దౌర్జన్యము, 1948 సెప్టెంబరు నాటి పోలీసు చర్య అనువాటిని కూడ మోయవలసివచ్చినది. మోయగలిగినది, కాని మోయుచు నాయకుని ముఖము వైపు తిరిగి చూచు అవకాశమును కొంత పోగొట్టుకొన్నది. ‘మా భూమి’ని కేవలము రాజకీయ పత్రముగ తీసిపారవేయువారి మాటలో సత్యమున్నంత మేరకు ఇదియే ఆ సత్యము.

ముగింపు విషయమున మాత్రము చిత్రము పక్షమే బలీయము. నవలలో తెల్లవారును, కథ పూర్తియగును. వీరుని ఎదుగుదలయు పూర్తియగును. చిత్రమున సైన్యము వచ్చిన పిమ్మట, పారిపోయిన దొరలు తెల్లటోపీలు ధరించి ఊరికి తిరిగివత్తురు. తలపై వస్త్రము మారినది, గడీ మారలేదు. బాలుడు పెద్దవాడగుటలో తుది పాఠము ఇదియే యని చిత్రము చెప్పుచున్నట్లు మాకు తోచును: అధికారము వేషము మార్చినను గుర్తింపగలుగుట. ఈ పాఠము రామయ్యకు మాత్రమే పరిమితము కాదు, గుర్తింపవలసినది ఊరందరు. అందుచేత చిత్రము ముగిసినను ఎదుగుదల ముగియదు. పోరాటము 1951 అక్టోబరులో విరమింపబడినదని చరిత్ర చెప్పును. ఆ విరమణను చిత్రము కథలోనికి తీసికొనిరాలేదు. దీనిని కొందరు చరిత్రలోపమందురు. ఊరి కథకు వ్యక్తి కథకువలె సమాప్తి ఉండదను ఎరుక దీనికి మూలమని మేము తలంతుము.

ఈ విచారము మన శాఖలలో జరుగు పరిశోధనకు ఎట్లు ఉపకరించును? పోలీసు చర్య తరువాత పోరాట దళములు మైదానములు విడిచి మానుకోట, ములుగు ప్రాంతపు గోదావరి అడవులకు తరలినవి. ఆ అడవుల ఉత్తరపు కొనసాగింపున, మంథని మహాదేవపురముల నడుమ కాటారము ఉన్నది. 2016 వరకు కరీంనగరు జిల్లాలోను, అటుపిమ్మట భూపాలపల్లి జిల్లాలోను చేరిన మండలమిది. కాటారము, మహబూబాబాదు, జనగామ ప్రాంతములనుండి నేడు స్నాతకోత్తర విద్యకు వచ్చు విద్యార్థులలో ఉర్దూ నవలను మూలమున చదువగలవారు అరుదు. అనువాదము చదివినవారును కొద్దిమందియే. పాట మాత్రము వారు ఎరుగుదురు. ఎచట పుట్టినదో, ఎవరు కట్టినదో తెలియకయే ఎరుగుదురు. అట్టివారికి నవల మూలము, చిత్రము అనుసరణము అను క్రమము గ్రంథాలయ క్రమమే కాని అనుభవ క్రమము కాదు. వారి అనుభవమున పాట మొదటిది, చిత్రము రెండవది, నవల మూడవది. పరిశోధకుడు ఈ రెండు క్రమములను పక్కపక్కన నిలిపి చూడవలెను.

అందులకు మూడు పనులు వెంటనే చేయదగినవి. ఒకటి, చిత్రమునందలి సంభాషణలను యథాశ్రుతముగ లిఖించి, పలుకుబడి దృష్టితో పరిశీలించుట. రెండు, ఉర్దూ మూలమును, తెలుగు అనువాదమును, చిత్రమును ఘట్టము వెంట ఘట్టముగ పోల్చుట. ఇందులకు ఉర్దూ శాఖవారి తోడ్పాటు అత్యావశ్యకము. మూడు, చిత్రమున చేరిన పాటలకు పల్లెలలో నేడును వినవచ్చు పాఠాంతరములను సేకరించుట. మూడవ పని ఆలస్యమునకు ఓర్వదు. ఆ పాటలను పోరాట కాలముననే విన్న తరము దాదాపు అంతరించినది. చలనచిత్రము తెలుగు శాఖ పరిశీలనకు తగిన వస్తువు కాదను అభిప్రాయము ఇంకను అచటచట వినవచ్చుచున్నది. ఒక పరభాషా నవలలోని బాలుని తెచ్చి, పల్లె పాటలో నిలిపి, పల్లె నోటితో పలికించిన కృతి తెలుగు శాఖకు కానిదైనచో, మరి ఏ శాఖకు చెందునో ఆ అభిప్రాయము కలవారే చెప్పవలెను.